యాది లేదన్న నోరు

పోలీసులు మా ఇంటికి మొదటిసారి వచ్చిన నాడు నేను ముసలిదాన్ని కాను. యాభై ఐదు దాటి ఉంటాయి, అంతే. ఒక్క పన్ను ఊడలేదు. ఎవరైనా కాస్త చేయి వేస్తే పసుపు బస్తా నెత్తికెత్తుకుని కళ్లం దాకా నడిచేదాన్ని. చదువు మూడో తరగతితో ఆగిపోయినా ఇంటి సంగతులన్నీ నా నెత్తిలోనే ఉండేవి. ఎవరికి ఎన్ని సోలల పప్పు బదులిచ్చామో, ఏ కూలి ఎన్ని పూటలు వచ్చిందో కాగితం అక్కర లేకుండా చెప్పేదాన్ని.

మా ఊరు కోరుట్లకు దగ్గర, పసుపు పండించే ఊరు. మా ఆయన అప్పటికే పోయాడు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు. బిడ్డను సిరిసిల్లలో ఇచ్చాం. అల్లుడికి నాలుగు సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు ఉండేవి.

అంతకు ముందురోజు మధ్యాహ్నం అడవిలో ఉండే నక్సలైట్లు, మేం అన్నలనేవాళ్లం, నలుగురు వచ్చి మా ఇంట్లో అన్నం తిని వెళ్లారు. అడిగితే పెట్టకుండా ఉండలేం, పెట్టామని చెప్పలేం. ఆ కాలంలో మా వైపు ఊళ్లన్నిటి బతుకూ అదే. మర్నాడు జీపు ఊళ్లోకి వచ్చిందని తెలియగానే పక్కింటి అక్క గోడ మీద నుంచి తల పెట్టింది. నాకంటే పదేళ్లు పెద్దది.

"చెల్లె, ముసలిదానివైపో," అంది.

"ఏందక్కా?"

"ముసలిదానివైపో అంటన్న. నేను పోయినసారి గట్లనే చేసిన. ముసలిదాన్ని ఎవ్వలేమనరు. చెవులు ఇనవడవు, ఏం యాదికుండదు. గంతే."

కొంగు నెత్తి మీదికి లాక్కుని, నడుము వంచి, ఆరబోసిన పసుపు కొమ్ముల ముందు కూర్చున్నాను. ఎస్సై వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్న మీ ఇంటికెవలచ్చిండ్రవ్వా?"

"ఏంది బిడ్డా?"

"నిన్న. ఎవలచ్చిండ్రు?"

"మా అల్లుడచ్చిండు సారూ. మటన్ వండిన."

ఆయన ముఖం మారింది. "అల్లుడా? నిన్ననా?"

"అవు. దసరాకు."

వెనక ఉన్న జవాను నవ్వాడు. "సార్, ఈమెకు దసరాకు నిన్నకు తేడా తెల్వది," అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. తలుపు చాటున నిలబడిన కోడలు కొంగు నోట్లో కుక్కుకుని, జీపు చప్పుడు పోయేదాకా ఆగి, నేల మీద కూలబడి నవ్వింది. "అత్తమ్మా, నువ్వు సినిమాల ఉండవల్సినదానివి," అంది. ఆ రోజు నాకు గర్వంగానే ఉండింది. ఇంటిని కాపాడాననుకున్నాను.

తర్వాత వాళ్లు చాలాసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా నేను అలాగే కూర్చున్నాను. చేయి కాస్త వణికించడం నేర్చుకున్నాను. సగం మాట అని మిగిలింది మరిచినట్టు నోరు తెరిచి ఉంచడం నేర్చుకున్నాను. పక్కింటి అక్కా నేనూ కలిసి కూర్చున్నప్పుడు ఎవరు బాగా చేస్తారో ఒకరికొకరం చేసి చూపించుకునేవాళ్లం.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నేను ఖర్చంటే పడనిదాన్ని. సబ్బు అరిగి ముక్కయితే కొత్త సబ్బుకు అతికించి వాడేదాన్ని. బియ్యం సంచి మూతి కుట్టిన దారం కూడా తెంపకుండా లాగి, ఉండ చుట్టి దాచేదాన్ని. అలాంటిదానికి మతిమరుపు ఎంత పనికొస్తుందో త్వరలోనే తెలిసింది. దూరపు చుట్టం వచ్చి విత్తన పసుపు అడిగితే, "ఇస్తనన్ననా? యాదికి లేదు బిడ్డా" అంటే చాలు. కొడుకు ఇంకో కూలిని పెడదామంటే, "నువ్వెప్పుడు చెప్పినవు? నాకు ఎర్కలేదు" అంటే ఆ మాట అక్కడే ఆగేది. కోడలు అన్నీ చూసేది. పోలీసులతో చేస్తే నవ్వేది, చుట్టాలతో చేస్తే నవ్వేది కాదు.

ఒంటికి కూడా అలవాటైంది. జీపు లేకపోయినా లేచేటప్పుడు మోకాలి మీద చేయి వేయడం, "అమ్మా" అనడం. ఊళ్లో నన్ను వదినా అని పిలిచేవాళ్లు అవ్వా అనసాగారు. నేను పలికాను. ముసలితనం నన్ను వెతుక్కుంటూ రాలేదు. నేనే పిలిచి పీట వేశాను.

ఆ రోజుల్లో మా వైపు ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. బంగారం, వెండి దాస్తే ఇంట్లో ఒక్కరికే తెలియాలి. తెలియనివాళ్లను ఎవరు కొట్టి అడిగినా చెప్పలేరు కదా. ఆ ఒక్కరూ పెద్ద ఆడమనిషే అయి ఉండాలి, ఎందుకంటే ఆమెను ఎవరూ కొట్టరు. దాచేటప్పుడు మిగిలినవాళ్లు కావాలనే అటు చూసేవాళ్లు కాదు. మంచి పద్ధతే. మా ఇంట్లో ఆ ఒక్కరూ నేనే.

పక్క ఊళ్లో పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతున్నారని తెలిసిన రోజు కోడలు మెడలోంచి గుండ్ల దండ తీసి గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. బంగారు గుండ్లు, మధ్య మధ్య నల్లపూసలు. మొదటి కాన్పుకు వాళ్లమ్మ పెట్టిన సొమ్ము. ఆ కాన్పులో బిడ్డ దక్కలేదు. దండ ఒక్కటే మిగిలింది.

"యాడ పెడ్తవో నాకు చెప్పకు అత్తమ్మా. చెప్తే నా నోట్ల ఆగది," అంది.

మొదట విత్తన పసుపు కుప్పలో పెట్టాను. కుప్పను ఎండుటాకులతో కప్పి పేడమన్నుతో మెత్తుతాం కాబట్టి ఎవరూ చేయి పెట్టరు. వానలు పడి కొమ్ములు నాటే వేళకు తీయాల్సి వచ్చింది. తీసి ఇంటి కప్పు మీద గూన పెంకుల కింద పెట్టాను. అక్కడిదాకా నాకు స్పష్టంగా గుర్తుంది.

రెండేళ్లు గడిచాయి అనుకుంటా. కోడలి తమ్ముడికి పెళ్లి కుదిరింది. "అత్తమ్మా, నా గుండ్లు తియ్," అంది. నిచ్చెన వేసుకుని పెంకు ఎత్తాను. ఏమీ లేదు. పక్క పెంకు ఎత్తాను. ఆ వరస అంతా ఎత్తాను. అప్పుడు తెలిసింది, అక్కడి నుంచి తీసి ఇంకెక్కడో పెట్టానని. తీసినట్టు చేతులకు గుర్తుంది. ఎక్కడ పెట్టానో లేదు. గోడ మీద గీసుకున్న గీతను ఎవరో తుడిచేసినట్టు, అక్కడ ఏదో ఉండేదని మాత్రమే తెలుస్తోంది.

నిచ్చెన దిగి, "యాదికస్తలేదు," అన్నాను.

కోడలు నవ్వింది. "ఊకో అత్తమ్మా. నేను పోలీసును గాను."

"నిజంగనే అంటన్న పిల్లా."

ఆమె నవ్వు ఆగిపోయింది. నా ముఖం కేసి చాలాసేపు చూసింది. ఆ ముఖాన్ని ఆమె అంతకు ముందు ఎన్నోసార్లు చూసింది. కొంగు, వంగిన నడుము, సగం తెరిచిన నోరు. నిజంగా మరిచిన మనిషి ముఖాన్ని వేరేగా పెట్టడం నాకు రాలేదు. ఉన్నది ఒక్కటే ముఖం, దాన్ని ముందే వాడేశాను.

ఇల్లంతా వెతికాం. వడ్లు పోసే గుమ్మి ఖాళీ చేశాం. పొయ్యి తవ్వాం. కొడుకు పశువుల కొట్టంలో నేల తవ్వాడు. పెళ్లికి కోడలు పుస్తెలతాడుతోనే పోయింది. పెళ్లింట్లో వాళ్లమ్మ అందరి ముందూ అడిగిందట, గుండ్లేవి బిడ్డా అని. తిరిగొచ్చాక చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒకరోజు కొమ్ములు చెరుగుతూ, నా వైపు చూడకుండానే అంది:

"యాదికి లేకపోతే లేదు తియ్. సిరిసిల్లకు పోయినప్పుడు నీ బిడ్డ మెడల చూసుకుంట."

"నా బిడ్డకిచ్చిననంటవా?"

"నేనేమంటలేను. నువ్వు ఎవ్వలికి ఏమియ్యద్దనుకుంటే గది నీకు యాదికుండది. ఊరందరికి ఎర్కే."

 ఆమె అన్నదానిలో అబద్ధం ఒక్కటే, అది నా బిడ్డ గురించి. మిగిలినదంతా నిజం.

నాకు అప్పుడు కావలసింది ఒక్కటే. ఈ ఒక్కసారి నిజంగానే మరిచానని నా కోడలు నమ్మాలి. అంతకు ముందు నన్ను ఎవరైనా మతిలేనిదంటే నేను లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నాకు మతి తప్పుతోందని నేనే సాక్ష్యం వెతుక్కోవాల్సి వచ్చింది. ఏ మనిషైనా అటువంటి సాక్ష్యం కోసం తిరుగుతుందా?

కొడుకు నన్ను జగిత్యాలలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కోడలూ వచ్చింది, నా కోసం కాదు, వినడానికి. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"ఇవాళ ఏం వారం అవ్వా?"

"బేస్తారం."

"ఇది ఏ నెల?"

"కార్తీకం. పౌర్ణమి మొన్ననే ఎళ్లింది."

"మూడు వస్తువులు చెప్తా. కాసేపాగి అడుగుతా, చెప్పాలి. చీపురు, గొడుగు, కొబ్బరికాయ."

ఆయన బీపీ చూసి, కళ్లు చూసి, మళ్లీ అడిగాడు. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. మూడిట్లో రెండు మరిచిపోయి ఉంటే నాకు కావలసిన కాగితం ఆయన రాసి ఇచ్చేవాడు. కానీ ఎదుటివాడు పరీక్ష పెడితే ఓడిపోవడం నా వల్ల కాలేదు. "చీపురు, గొడుగు, కొబ్బరికాయ. నీ బల్ల మీద సూదిమందు సీసాలు ఎన్నున్నయో గూడ చెప్పాల్నా సారూ?" అన్నాను.

డాక్టరు నవ్వాడు. "నాకంటే మంచిగ ఉంది మీ అమ్మ. వయసుతో ఒకటి అరా మర్చిపోవడం మామూలే," అన్నాడు కొడుకుతో.

బస్సులో కోడలు నా వెనక సీట్లో కూర్చుని కొడుకుతో, నాకు వినపడేలాగే అంది: "డాక్టరుకాడ అన్నీ యాదికున్నయి. మనకాడనే మతి పోతది."

ఆ రోజు నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మరిచినందుకు కాదు. గొప్పకు పోయినందుకు.

ఇంట్లో ఉండలేక కొన్నాళ్లు సిరిసిల్లకు పోయాను. నా బిడ్డ కూడా సంతోషంగా లేదు. "నువ్వు నాకియ్యనన్న ఇయ్యకపోతివి. ఇచ్చినవని పేరైతె అచ్చె," అంది.  మధ్యాహ్నం అన్నం తిని, సాంచాల దడదడల మధ్య, పక్క గదిలో నేల మీద బొంత పరుచుకుని పడుకున్నాను. ఆ బొంత నేను కుట్టిందే. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టాను. మా ఇంట్లో కాన్పయి తిరిగి పోయేటప్పుడు పసిదానికి కింద వేయడానికని బిడ్డ వెంట పంపాను.

నిద్ర పట్టక అంచు తడుముతున్నాను. వేలికి గట్టిగా ఏదో తగిలింది. దాని పక్కన ఇంకొకటి. వరసగా గుండ్రంగా.

అప్పుడు గుర్తొచ్చింది, అంతా ఒక్కసారే. వానాకాలం, అరుగు మీద కూర్చుని ఉన్నాను. కప్పు ఒక చోట కారుతోందని, పెంకులు సరిచేయడానికి మనిషి వస్తున్నాడని దండను తీసి బొంత అంచులో పెట్టి సంచి దారంతో కుట్టేశాను. వారం తిరగకముందే బిడ్డ నొప్పులతో వచ్చింది. ఆ హడావిడిలో బొంత మాత్రమే గుర్తుంది, లోపలున్నది పోయింది.

బొంతను ఒళ్లో వేసుకుని కూర్చుండిపోయాను. సంతోషపడాలి. పడలేకపోయాను. దొరికింది ఎక్కడ? నా బిడ్డ ఇంట్లో. నా కోడలు ఏ ఇంటి పేరు చెప్పిందో సరిగ్గా ఆ ఇంట్లో.

బిడ్డను పిలిచి చూపించాను. అది కుట్లు విప్పబోతే చేయి పట్టుకున్నాను.

"విప్పకు."

"మరెట్ల ఇస్తవ్? విప్పి కొంగున కట్టుకపో. పసుపు కుప్పల దొరికిందని చెప్పు. ఎవ్వలడుగుతరు?"

"గట్ల చెప్తే నమ్ముతదా?"

"దొరికిందనే సంబరంల ఏం అడగది అవ్వా. ఈడ దొరికిందని చెప్తే నన్నూ నిన్నూ ఇద్దరిని దొంగలంటది."

బిడ్డ చెప్పింది తెలివైన మాటే.  అబద్ధం చెబితే పోయిన సొమ్ము ఇంటికి చేరుతుంది, కానీ నేను మరిచాననే మాట ఎప్పటికీ అబద్ధంగానే మిగిలిపోతుంది. పొద్దున్నే బొంతను మడిచి, తాడుతో కట్టి, అలాగే బస్సెక్కాను.

వేములవాడ దాటాక అడవి వైపు మలుపులో పోలీసులు బస్సు ఆపారు. ఆ రోజుల్లో అది మామూలే. అందరినీ దించి మూటలు విప్పించారు. ఒక జవాను బొంతను తడిమాడు. అంచు దగ్గర అతని చేయి ఆగింది.

"ఏందవ్వా ఇది? గట్టిగున్నది."

నా నడుము దానంతటదే వంగింది. నోరు దానంతటదే సగం తెరుచుకుంది. అతను జేబులోంచి చిన్న కత్తి తీశాడు. మతిలేనట్టు కూర్చుంటే కుట్లు కోసి చూసుకుంటాడు. ఆ కుట్లు తప్ప నాకు వేరే సాక్ష్యం లేదు.

"కోయకు సారూ," అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది. అందరూ ఇటు చూశారు. "అండ్ల నా కోడలి గుండ్ల దండున్నది. నేనే కుట్టిన. కుట్టి మర్చిపోయి బొంతను నా బిడ్డ ఇంటికి తోలిన. నిజంగనే మర్చిపోయిన."

"మర్చిపోయి బిడ్డ ఇంటికి తోలినవా?" అని ఎవరో మగమనిషి అన్నాడు. జనం నవ్వారు. చిన్నప్పటి నుంచి నా ఎదుట అలా నవ్విన మనిషి లేడు. తల దించుకుని నిలబడ్డాను.

"మా అత్త గూడ గిట్లనే," అని ఒక ఆడమనిషి పక్కామెతో అంది. "చెప్పులు బియ్యంల పెడ్తది."

జవాను మాత్రం నవ్వలేదు. "మరి కోస్తే ఏంది?"

"నా కోడలే కోయాలె బిడ్డా. కుట్లు చూస్తేనే నమ్ముతది."

అతను బొంతను తిప్పి, కుట్లను చూసి, కత్తి మడిచాడు. "తీస్కపో అవ్వా. నేను జీతం దాచిననంటే నా పెండ్లాం గూడ నమ్మది," అన్నాడు.

ఇల్లు చేరేసరికి కోడలు వాకిట్లో కూర్చుని కొమ్ముల వేర్లు గిల్లుతోంది. బొంత ఆమె ముందు పెట్టాను.

"నీ గుండ్లు ఈ బొంతల ఉన్నయి. నీ ఆడిబిడ్డ ఇంట్ల దొరికినయి."

ఆమె ముఖం బిగుసుకుంది. "గదే గద నేనన్నది."

"అన్నవు. ముందుగాల కుట్లు చూడు. చూసినంక విప్పు. అప్పుడు ఏమన్నా అను."

ఆమె చూసింది. సంచి దారం నల్లబడి ఉంది. కుట్ల మీద పసిదాని నూనె మరకలు, పాల మరకలు ఎండి, ఉతుకులకు పీచు రేగి బట్టలో కలిసిపోయాయి. ఎవరూ ఈ మధ్య విప్పి కుట్టలేదని చూడగానే తెలుస్తుంది. సంచి దారంతో కుట్టే పిసినారి మా ఇంట్లో నేనొక్కదాన్నే అని ఆమెకు వేరే చెప్పనక్కర లేదు. బ్లేడు తెచ్చి మెల్లగా కోసింది. దండ బయటికి వచ్చింది. మెడలో వేసుకోలేదు. అరచేతిలో పట్టుకుని నన్ను చూసింది.

"నిజంగనే యాది లేకుండెనా అత్తమ్మా?"

"లేకుండె."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దండ కోసం కాదని నాకు తెలిసింది. ఆమె కోప్పడుతుందని, నేను తిట్లు పడతానని, అంతటితో సమానమవుతామని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆమె కోప్పడలేదు. జాలిపడింది. నా చేయి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కొడుకు పొలం నుంచి రాగానే ఎదురుపోయి, "అవ్వనేమనకు. పాపం, మతి నిజంగనే తప్పుతాంది," అని మెల్లగా చెప్పింది. చెవులు వినపడని మనిషి ముందు మాట్లాడినట్టు, నా ముందే.

పాపం అనే మాట నా గురించి ఎవరైనా అనగా అంతకు ముందు వినలేదు. మొండిది, పిసినారిది, నోరు మంచిది కాదు అని విన్నాను. వాటన్నిటిలో నేనున్నాను.

మర్నాడు పొద్దున పసుపు గది తాళం తీయబోతుంటే కోడలు వచ్చి పక్కన నిలబడింది. ఆమె మెడలో గుండ్లు ఉన్నాయి.

"అత్తమ్మా, తాళంచెవి నాకాడుంటది గని ఇటియ్యి. యాడనన్న పడేసుకుంటవు," అంది. ఎంత మెత్తగా అందంటే, అరిచి ఉంటే నేను ఎదురు అరిచేదాన్ని.

నా నెత్తిలో ఇంకా అంతా ఉంది. గదిలో ఎన్ని బస్తాలో, ఏది తడిసిందో, ఎవరికి ఎంత ఇవ్వాలో. చెబుదామని నోరు తెరిచాను. చెబితే, నిన్న నమ్మిన మాటను ఆమె మళ్లీ నమ్మకుండా పోతుంది. తాళంచెవి కొంగు నుంచి విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి గట్టిగా పడింది. ఆమె తొందర పెట్టలేదు. చేయి చాపి, ఓపికగా నిలబడింది.